ముందు తన్ను, తర్వాత మొక్కు

నిన్న పొద్దున మహబూబ్‌నగర్‌లో మా ఫిజియోథెరపీ గది తలుపు తీసేసరికి మైనం కరుగుతున్న వాసన గుప్పుమంది. బిగుసుకుపోయిన వేళ్లను ముంచడానికి మేము మైనాన్ని ఒక తొట్టిలో కరిగించి పెడతాం. కొత్తగా చేరిన అమ్మాయి నాకంటే ముందే వచ్చి స్విచ్చి వేసిందన్నమాట. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, నేను రిటైర్మెంటు దగ్గరపడిన మనిషినని మరిచిపోతాను. భువనగిరి దవాఖానలో ఇదే వాసన వేసే ఒక రేకుల వరండా, ఎదురుగా ఎండకు కాలుతున్న ఖిల్లా బండ, ఆ వరండాలోంచి సాబిరా మేడం కేక. "యాదీ! చాయ్ చల్లగైపోయింది, దీన్ని ఎవరు తాగాలె, మీ అత్తనా?" అప్పటికి నాకు పెళ్లే కాలేదు, అత్త ఎక్కడి నుంచి వస్తుంది? అయినా మేడంకు కోపం వస్తే లేని అత్తలు కూడా లేచి వచ్చేవాళ్లు.

నా పేరు యాదమ్మ. దాన్ని యాది చేసింది ఆమే. "యాది అంటె ఉర్దూలో అయినా మీ తెలుగులో అయినా ఒక్కటే కదా, మరిచిపోనిది. మంచి పేరు, ఎందుకు సాగదీసుడు?" అనేవారు. మేడం పుట్టింది, చదివింది పట్నంలో. ఇంట్లో మాట్లాడింది ఉర్దూ. తెలుగు మాత్రం మా భువనగిరి రోగుల దగ్గరే నేర్చుకున్నారు. ఉర్దూలో అందరినీ ఆప్ అనే ఆమెకు తెలుగులో అందరూ 'నువ్వే'. ఒకసారి తహసీల్దారు గారు మెడనొప్పితో వస్తే "నువ్వు బల్లెక్కు, అంగీ విప్పు" అన్నారు. ఆయన కిక్కురుమనకుండా ఎక్కాడు. ఆ దవాఖానకు వచ్చే జనానికి ఆమె పేరు పట్టేది కాదు. 'కాళ్ల మేడం' అనేవాళ్లు. పక్షవాతం వచ్చి కాళ్లు పడిపోయిన వాళ్లను లేపి నడిపిస్తుంది కాబట్టి ఆ పేరు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. నేను ఇవాళ తింటున్న తిండి, నిలబడిన తీరు ఆమె పెట్టిందే కాబట్టి, ఆమెను చూడని వాళ్లకు ఆమె గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించి కూర్చున్నాను.

మాది మోత్కూరు దగ్గర ఒక పల్లె. ఊరికి అవతల మాదిగ వాడలో మా ఇల్లు. మా నాయిన లచ్చయ్య చిన్నతనంలో దొర దగ్గర జీతమున్నాడు, పెళ్లయ్యాక కూలికి పోయాడు. నేను వాళ్లకు ఒక్కదాన్నే. ఎనభైల నడుమ, నేను ఇంటర్ చదువుతున్నప్పుడు, ఒక చలికాలం పొద్దున నాయిన బాయి దగ్గర మొహం కడుక్కుంటూ కడుక్కుంటూ పక్కకు ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకరపోయింది. వాడలో పెద్దవాళ్లు పచ్చవాతం అన్నారు, ఏవో పసర్లు పోశారు, ఏమీ కాలేదు. ఆఖరికి జీపులో పడుకోబెట్టి భువనగిరిలో ఒక ధర్మ దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు గారు ముసలాయన, మంచివాడు. ప్రాణానికి భయం లేదన్నాడు. "నడుస్తడా సారూ?" అని మా అమ్మ అడిగితే మాత్రం వరండా వైపు చెయ్యి చూపించి, "అది ఆ మేడమే చెప్పాలె" అన్నాడు.

నడుస్తాడా లేదా అన్నది నాయిన సంగతి ఒక్కటే కాదు, నా సంగతి కూడా. మా అమ్మ ఆ మాట మొదటి రోజే చెప్పింది. "నేను కూలి కైకిలికి పోకుంటె పొయ్యి లేవదు బిడ్డా. మీ నాయిన మంచంల ఉంటె మరి ఎవరు చూడాలె? కాలేజి బంద్ చెయ్యి." అమ్మను తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఉన్న మాటే. కానీ మా వాడలో ఇంటర్ దాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే, ఆ చదువును నేను అంత సులువుగా వదిలేసేదాన్ని కాదు. అందుకని నాయిన కాలు వైపు ఎట్లా చూసేదాన్నంటే, పరీక్ష రాసి ఫలితాల కోసం చూసినట్టు చూసేదాన్ని.

నిజానికి అక్కడ మార్కులే ఉన్నాయి. కాలి కండల బలానికి సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేస్తారు. అసలు కదలిక లేకపోతే సున్నా. వేళ్లు ఆనించి చూస్తే చర్మం కింద కండ కొంచెం అదిరి ఆగిపోతే ఒకటి. పరుపు మీద అటూ ఇటూ జరపగలిగితే రెండు. కాలు తన బరువును తాను పైకి ఎత్తగలిగితే మూడు. అట్లా ఎత్తిన కాలికి పరీక్షించే మనిషి చెయ్యి అడ్డం పెట్టినప్పుడు కొంత నెట్టగలిగితే నాలుగు, ఎంత అదిమినా తగ్గకుండా నిలిస్తే అయిదు. మూడు దాకా లెక్క కాలికీ భూమికీ మధ్య. నాలుగు నుంచి మనిషికీ మనిషికీ మధ్య. ఈ మాట నేను ఇప్పుడు పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు చెప్తాను. అప్పుడు నాకూ తెలియదు, మేడంకూ అంతగా తట్టలేదు.

నాయిన త్వరగానే కోలుకున్నాడు, మూడు దాకా. బల్ల అంచున కూర్చోబెట్టి "కాలు చాపు లచ్చయ్యా" అంటే మోకాలు వణుక్కుంటూనే చాపేవాడు. "శభాష్! ఇగ నా చేతిని నూకు" అని మేడం పాదం ముందు అరచెయ్యి పెట్టేవారు. అంతే, కాలు టప్పున కింద పడిపోయేది. రోజూ ఇదే. చెయ్యి పెట్టనంతసేపు లేచే కాలు, చెయ్యి పెట్టగానే చచ్చిపోయేది. మేడం వేడి కాపడం పెట్టారు, నూనె పట్టించారు, బతిమిలాడారు, తిట్టారు. "మూడు మీద మనిషి నిలబడలేడు యాదీ, మోకాలు మడతపడ్తది. నాలుగు రావాలె" అని నాతో అన్నారు. డాక్టరు గారు కూడా, ఇంకో వారం చూద్దాం, అప్పటికీ ఇట్లాగే ఉంటే ఇంటికి తీసుకుపోండి, మంచాల కోసం బయట జనం ఎదురుచూస్తున్నారు అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "జర జోరు పెట్టరాదు నాయినా! అన్నం తింటలేవా?" అని నలుగురిలో కసిరాను. నాయిన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మా అమ్మ ఆ సాయంత్రమే నా పుస్తకాలన్నీ సంచిలో సర్ది మూతి కట్టేసింది.

ఇప్పుడు మేక గురించి చెప్పాలి. దవాఖాన ఎదురుగా ఉండే చాయ్ హోటలాయనకు ఒక మేక ఉండేది. అది మా అందరికంటే సీనియర్ రోగిలాగా వరండాలో తిరిగేది. దూది తినేది, కట్టు గుడ్డలు తినేది, ఒకసారి మేడం దువ్వెన కూడా నమిలింది. ఆ పొద్దున నాయినను ఎండ కోసం వరండా బల్ల అంచున కూర్చోబెట్టి, పక్కన గుడ్డలో జొన్నరొట్టె పెట్టి, నేను నీళ్లకు పోయాను. చెంబుతో తిరిగి వస్తుంటే మేక కుడి పక్క నుంచి వచ్చి రొట్టెకు మూతి పెట్టింది. నాయిన "హై! హై!" అన్నాడు. అది వింటుందా? అప్పుడు నాయిన కుడి కాలు, రోజూ చచ్చిపోయే ఆ కాలు, లేచి మేక రొమ్ము మీద ఒక్కటి తన్నింది. మేక వెనక్కి తూలి, ఇంత అవమానం తనకు ఎప్పుడూ జరగనట్టు చూసి, అరుచుకుంటూ వెళ్లిపోయింది.

గది గుమ్మంలో మేడం చాయ్‌ని సాసర్లో పోసుకుంటూ నిలబడి ఉన్నారు. సాసర్ కిటికీ మీద పెట్టి మెల్లగా నాయిన ముందుకు వచ్చారు.

"లచ్చయ్యా, మేకను తన్నింది ఎవరు?"

నాయిన తల దించుకున్నాడు. "రొట్టె తింటాందమ్మా..."

"రొట్టె సంగతి నేను అడగలే. ఏ కాలుతోని తన్నినవ్?"

నాయిన ఎడమ చేత్తో కుడి మోకాలును కప్పుకున్నాడు.

"రోజూ నేను ఇంత బతిమిలాడితె లేవని కాలు మేక కోసం లేచిందా? అరే, మేకకున్న ఇజ్జత్ నాకు లేదా?"

వరండాలో ఉన్న వాళ్లంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నాయిన మాత్రం నవ్వలేదు. చూస్తే కళ్లల్లో నీళ్లు. నాలుక ఇంకా పూర్తిగా తిరగని మనిషి, ఒక్కొక్క మాట కూడబలుక్కుని చెప్పాడు. "మీరు సదువుకున్న తల్లులు. మీకు కాలు దాకుడే పాపం. నూకుమంటె ఎట్ల నూకుత? నా పానంల ఎన్నడు ఒక మనిషి మీదికి కాలు లేపలే అమ్మా. పోనీ, దాకినంక మొక్కుదామంటె గీ చెయ్యి లేస్తలేదాయె."

మా దగ్గర ఎవరికైనా పొరపాటున కాలు తగిలితే వెంటనే కుడి చేత్తో వాళ్లను తాకి ఆ చెయ్యి కళ్లకద్దుకుంటాం. తప్పయిందని చెప్పుకోవడం అది. నాయినకు పడిపోయింది కుడి చెయ్యే. తప్పు చేయమంటున్నారు, తప్పయిందని చెప్పుకునే చెయ్యి లేదు. ఆయన బాధంతా అది. పైగా ఆయన మామూలు మనిషి కాదు, దొర గడీ ముందు నుంచి పోతే చెప్పులు చేతిలో పట్టుకుని పోయిన మనిషి. మా ఇంట్లో మా ముందు కూడా కాళ్లు చాపుకుని కూర్చోవడం నేను చూడలేదు. కాళ్లు ముడుచుకోవడం ఆయనకు రోగం కంటే చాలా ముందే అలవాటైంది. అది నాకు తెలిసి కూడా నాకు తట్టలేదు, ఎందుకంటే నేనూ అందులోనే పెరిగాను.

మేడం స్టూలు లాక్కుని నాయినకు ఎదురుగా కూర్చున్నారు. "ఇన్ని దినాలు నేను మార్కులేసింది నీ కాలికా, నీ భయానికా?" అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత చీర కొంగు నడుముకు చెక్కుకుని అరచెయ్యి చాపారు. "సరే లచ్చయ్యా. మొక్కుతవా, మొక్కు. నేను వద్దంటలేను. కాని ముందు తన్ను, తర్వాత మొక్కు. చెయ్యి లేవకపోతె ఎడమ చెయ్యితోని కుడి చెయ్యిని పట్టి లేపు. నాకు రెండూ కావాలె."

నాయిన నా వైపు చూశాడు. "తన్ను నాయినా" అన్నాను. మొదటిసారి కాలు వచ్చి ఆమె చేతికి ఇట్లా తాకి అట్లా పోయింది. "ఇది తన్నుడా? ఈగ వాలింది" అన్నారు మేడం. రెండోసారి కొంచెం నయం. మూడోసారి నాయిన కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగబట్టి నూకాడు. మేడం చెయ్యి వెనక్కి పోయింది, గాజులు గలగలమన్నాయి. "నాలుగు!" అని ఆమె అరిచిన అరుపుకు చాయ్ హోటలాయన మేకకు ఏదో అయిందనుకుని ఉరికొచ్చాడు. తర్వాత నాయిన ఎడమ చేత్తో కుడి చేతిని పట్టి లేపి, మేడం అరచేతికి తాకించి, మెల్లగా, ఎంతో కష్టపడి కళ్ల దాకా తెచ్చుకున్నాడు. దేనికీ ఓపిక లేని మేడం ఆ చెయ్యి కళ్లకు చేరేదాకా కదలకుండా కూర్చున్నారు.

ఆ రోజు నుంచి రోజూ ఇదే పని. ఒక తన్ను, ఒక మొక్కు. కాలికి తన్నుడు, చేతికి మొక్కుడు. కొన్నాళ్లకు కుడి చెయ్యి ఎడమ చెయ్యి సాయం లేకుండానే ఛాతీ దాకా వచ్చింది, ఆ తర్వాత గడ్డం దాకా. నాయిన మొహంలో కూడా ఏదో మారింది. మేడం స్టూలు లాగుతున్న చప్పుడు వినగానే కాలు సవరించుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఆమె అరచెయ్యి పెట్టడం మరిచిపోయి వేరే రోగితో మాట్లాడుతుంటే, "అమ్మా, తన్నాల్నా?" అని ఆయనే గుర్తు చేశాడు. దవాఖానంతా మళ్లీ నవ్వింది. ఈసారి నాయిన కూడా నవ్వాడు, మూతి కొంచెం వంకరగానే.

ఆ మేక పుణ్యమా అని మేడం పని చేసే పద్ధతే మారిపోయింది. కాలు లేవకపోతే మార్కు వేయడానికి ముందు, ఎందుకు లేపడం లేదో కనుక్కునేవారు. చీర మోకాళ్ల పైకి జారుతుందని ముసలమ్మలు కాలు ఎత్తేవాళ్లు కాదు. వాళ్లు గోల పెట్టినా వినకుండా చీర కింద పైజామా తొడిగించేవారు, అప్పుడు చూడాలి ఎంత బలముందో. రాయగిరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తన అల్లుడు గదిలో ఉన్నంతసేపు కాలు కదపలేదు. మేడం అల్లుడిని చాయ్ తెమ్మని పంపించి తలుపేశారు. మామగారు అయిదుకు అయిదు. అల్లుడు చాయ్ తెచ్చేసరికి ఆయన మళ్లీ రోగి అయిపోయి మూలుగుతున్నాడు. "ఈ కాలుకు నా మందు అక్కర లేదు, నువ్వు ఇంటికి పోతె చాలు" అని ఆ అల్లుడికి చెప్పారు, చాయ్ మాత్రం తాగేశారు.

దవాఖాన నుంచి మమ్మల్ని ఇంటికి పంపిన రోజు నాయిన చేతికర్ర పట్టుకుని, కుడి కాలు కొంచెం ఈడ్చుకుంటూ, బస్టాండు దాకా తన కాళ్ల మీదే నడిచాడు. మోకాలు మడతపడలేదు. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు మా అమ్మ పట్టుకోబోతే చెయ్యి విదిలించుకున్నాడు. మోత్కూరులో దిగాక అమ్మ పుస్తకాల సంచి మూతి విప్పి నా చేతికిచ్చింది. నాకు ఏడుపాగలేదు. ఆ తర్వాత నాయిన ఇంకా చాలా ఏళ్లు బతికాడు, తొంభైల చివర దాకా. వ్యవసాయం పనికి పోలేకపోయాడు గానీ, మేకలను కాశాడు. మేకలంటే ఆయనకు అప్పటి నుంచి ఒక ప్రత్యేకమైన గౌరవం. ఇంటి ముందు అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. ఎవరు పోతున్నా కాళ్లు ముడిచేవాడు కాదు. అడిగితే, "మేడం చాపుమన్నది" అనేవాడు. ఊళ్లో ఎవరూ దానికి ఎదురు చెప్పలేకపోయారు.

నేను సెలవు దొరికితే చాలు భువనగిరి పోయేదాన్ని. రోగులను పట్టుకోవడం, కండలు తడిమి చూడడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. టీచర్ ట్రైనింగ్ చేస్తానని ఒకసారి అంటే, "ఎందుకు, కూర్చోనీకి కుర్చీ ఉంటదనా?" అని కస్సుమన్నారు. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. "మీకేం మేడం, మీరు అన్నీ ఉన్నోళ్లు, మాకు నౌకరి జల్ది రావాలె" అని అనేశాను. ఆమె చాయ్ తాగి, గ్లాసు కడిగి, "నౌకరి దీంట్ల గూడ వస్తది. జర లేటుగ వస్తది. నీ చేతులు మంచియి యాదీ, వాటిని సుద్దముక్కకు ఇయ్యకు" అన్నారు. ఫారాలు ఆమే తెప్పించారు, చదువు చెప్పించారు, పట్నంలో ఫిజియోథెరపీ సీటు వచ్చేదాకా నా వెంట పడ్డారు. కన్నవాళ్లు కూడా అంత పట్టుదల పట్టరు.

ఈ మధ్య వరకూ మక్తల్ దిక్కు క్యాంపులకు పోయేదాన్ని. అక్కడ ఒకసారి ఒక పెద్దాయన నా చెయ్యి చూడగానే కాలు వెనక్కి లాక్కున్నాడు. నాతో వచ్చిన కుర్ర డాక్టరు అప్పటికే మూడు అని చెప్పేశాడు. "పెద్దయ్యా, ముందు తన్ను, తర్వాత మొక్కు" అన్నాను. ఆ పిల్లాడు బిత్తరపోయి చూశాడు. పెద్దయ్య నవ్వి తన్నాడు, నాలుగు. ఎన్నేళ్లయినా ఈ మాట పనికి రాని ఊరు నాకు ఇంకా కనపడలేదు.

కానీ ఆ మాట నా కోసం కూడా అని నాకు తెలిసింది చదువుకు పట్నం వెళ్లే ముందు రోజు. సెలవు తీసుకుందామని మేడం దగ్గరికి పోయాను. పొద్దున్నే, ఇంకా రోగులు రాలేదు. ఆమె నన్ను చూసి, "బల్లెక్కు" అన్నారు.

"నేనా మేడం?"

"ఇంకెవరున్నరు? ఎక్కు. కాలు చాపు."

నవ్వుకుంటూ ఎక్కి కాలు చాపాను. ఆమె స్టూలు మీద కూర్చుని నా పాదం ముందు అరచెయ్యి పెట్టి, "నూకు" అన్నారు. నా కాలు కింద పడిపోయింది. నేను పడేయలేదు, అదే పడిపోయింది. మళ్లీ చాపాను. ఆమె చెయ్యి తగలగానే మళ్లీ అంతే. పొలం గట్ల మీద పరుగెత్తిన కాలు, మోత్కూరు బస్సు కోసం రోజూ మైళ్లు నడిచిన కాలు.

మేడం కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. "నీకు పచ్చవాతం ఎప్పుడొచ్చింది?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "మీ నాయినకు రోగమొచ్చి కాలు పడ్డది. నీది మంచి కాలు, ఎందుకు పడ్డది? పట్నంల పెద్ద పెద్ద సార్లుంటరు. తెలవకపోతె అడగాలె. వాళ్లు తప్పు చెప్తె తప్పు అనాలె. నా ముందటనే నీకు మూడొస్తె వాళ్ల ముందట ఎంతొస్తది?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఉన్నాను, ఆమె చెయ్యి తీయలేదు. "నూకు యాదీ" అన్నారు. ఈసారి అరవలేదు. నేను కళ్లు తుడుచుకుని, బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని నూకాను. ఎంత జోరుగా నూకానో నాకే తెలియదు. మేడం స్టూలుతో సహా జరిగిపోయి వెనక గోడకు ధన్‌మని తగిలారు. నేను హడలిపోయాను. ఆమె మోచెయ్యి రుద్దుకుంటూ, పడీ పడీ నవ్వుతూ, "అయిదు! అల్లా కసం, అయిదు!" అన్నారు.

బల్ల మీది నుంచి దూకి, మొక్కడానికి వంగి చెయ్యి చాపాను. ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపేశారు. నా చేతిని అటూ ఇటూ తిప్పి, వేళ్లు ఒక్కొక్కటే మడిచి చూసి, పరీక్ష అయిపోయినట్టు వదిలేశారు. "మొక్కుడు మీ నాయిన చేతికి మందు. నీ చెయ్యి మంచిగనే ఉన్నది. నీకు అక్కర లేదు."

నేను మేడంకు ఎప్పుడూ మొక్కలేదు. ఆమె బతికున్నన్నాళ్లూ కలిసినప్పుడల్లా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను, వాదులాడాను, ఆమె చాయ్ కూడా లాక్కుని తాగాను. పట్నంలో మొదటి ఏడాది ఒక సారు తప్పు చెప్తే, లేచి నిలబడి తప్పని చెప్పాను. నౌకరిలో చేరాక నన్ను గది బయట నిలబెట్టి మాట్లాడబోయిన వాళ్ల ముందు కుర్చీ అడిగి తీసుకుని కూర్చున్నాను. ప్రతిసారీ అయిదే వచ్చిందని అబద్ధం చెప్పను. ఈ వయసులోనూ కొందరి ముందు నిలబడితే మోకాళ్లలో ఆ పాత మూడు తెలుస్తూనే ఉంటుంది. అప్పుడు స్టూలు గోడకు తగిలిన చప్పుడు గుర్తు చేసుకుని, రెండు పాదాలు నేలకు గట్టిగా ఆనించి నూకుతాను.